ఇంటికి రెండు గుర్తులు

ఓటు రహస్యం అని చదువుకున్నవాళ్లు చెబుతారు. మనిషి ఓటు రహస్యమే, కాదనను. వీధి ఓటు మాత్రం రహస్యం కాదు. లెక్కింపు రోజు మధ్యాహ్నానికల్లా ఏ బూతులో ఏ గుర్తుకు ఎన్ని పడ్డాయో కర్నూలు టీ కొట్లలో వరసబెట్టి చదివేస్తారు. సాయంత్రానికి గెలిచినవాడి బుర్రలో ఊరంతటికీ రంగులు పడిపోతాయి. ఈ వీధి మనది, ఆ వీధి వాళ్లది. మనదానికి సిమెంటు రోడ్డు. వాళ్లదానికి ఐదేళ్లూ మురికి కాలవ. మళ్లీ ఓట్లొచ్చినప్పుడు అదే కాలవ దాటుకుని, ముక్కు మూసుకుని, చేతులు జోడించుకుని వస్తారు. సిగ్గుండదు.

మా సున్నపు బట్టీ వీధి ఈ దెబ్బ ఒకసారి తిన్నది. పాతికేళ్ల కిందటి మాట. వీధి మొత్తం కట్టగట్టుకుని గొడుగు గుర్తుకు వేసింది. గెలిచింది గంట గుర్తు. అంతే. కొళాయి పగిలితే చూసే దిక్కు లేదు, వీధి దీపం పోతే పెట్టే దిక్కు లేదు. పక్కన గంటకు వేసిన బంగ్లా వీధిలో పట్టపగలు కూడా దీపాలు వెలుగుతుంటే, మా వాళ్లు టార్చిలైట్లు పట్టుకుని ఇళ్లు వెతుక్కున్నారు.

అప్పుడు కిరాణా అంగడి కేశవయ్య ఒక ఉపాయం చెప్పాడు. శెట్టిగారు కదా, సరుకంతా ఒకే మండీలో తెచ్చుకుంటే ఆ మండీవాడు నెత్తినెక్కి కూచుంటాడని ఆయనకు పుట్టుకతోనే తెలుసు. రెండు మండీలతో వ్యవహారం పెట్టుకుంటే ఇద్దరూ కుర్చీ వేసి టీ ఇస్తారు. ఓటుకూ అదే లెక్క అన్నాడు. ఇంటికి రెండు గుర్తులు. మగవాళ్లంతా ఒక గుర్తుకు, ఆడవాళ్లంతా ఇంకో గుర్తుకు. పెట్టె తెరిస్తే సగం సగం ఉండాలి. మనవాళ్లు అని ఎవడూ అలుసుగా చూడకూడదు, పగవాళ్లు అని ఎవడూ కక్ష కట్టకూడదు.

ఎవరికి ఏ గుర్తు అనేది చీటీ తీసినట్టే తేలుతుంది. ఓట్లకు ముందురోజు సాయంత్రం కేశవయ్య భార్య అలివేలమ్మ అంగడి మెట్టు మీద నిలబడి రెండు పిడికిళ్లు ముందుకు చాపుతుంది. ఒకదాంట్లో వక్క, ఒకదాంట్లో పసుపు కొమ్ము. వక్క అంటే గంట, పసుపు కొమ్ము అంటే గొడుగు. మగవాళ్ల తరఫున ట్రాలీ ఆటో మారెన్న ఒక పిడికిలి తాకుతాడు. ఏది వస్తే అది మగవాళ్లకు, మిగిలింది ఆడవాళ్లకు. ఒంటరి ఆడమనిషి ఉంటే పెళ్లికాని మగపిల్లాడితో జత కట్టి లెక్క సరిచేస్తారు. అదొక పండగ. అందరికీ బెల్లం ముక్క పెడతారు.

ఇది న్యాయమా అని నన్ను అడగొద్దు. మురికి కాలవను ఓటుతో ముడిపెట్టినవాణ్ణి అడగండి. ఉపాయం మాత్రం పారింది. పెట్టె ఎప్పుడు తెరిచినా సున్నపు బట్టీ వీధి ఇటో అటో నాలుగు ఓట్ల తేడాతో తేలేది. ఈసారి గట్టిగా పట్టుకుంటే మనవైపు వాలుతుందని రెండు పార్టీలూ ఆశపడేవి. ఒకే రోడ్డును ఇద్దరూ రెండుసార్లు వేశారు. ఇంట్లో పెళ్లయితే రెండు పార్టీల నుంచీ రెండు ఫ్యాన్లు వచ్చేవి. మా వీధిలో గాలికి కొదవలేదు.

కొదవ అంతా నీడకే.

వీధి మొగలో రోడ్డు వెడల్పుగా ఉంటుంది. అక్కడే ఆడవాళ్లు కూరగాయలు అమ్ముతారు. అందరికీ పెద్దదిక్కు మారెన్న భార్య నాగలక్ష్మమ్మ. కోసిగి నుంచి కరువులో కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. పత్తికొండ నుంచి తెల్లారుజామున దిగే టమాటా గంపలు తెచ్చి పెడుతుంది. పదింటి దాకా టమాటా టమాటాలాగే ఉంటుంది. ఆ తర్వాత కర్నూలు ఎండ దాని పని పడుతుంది. మధ్యాహ్నానికి సగం గంప రసం. నీడకు పట్ట కడితే గాలికి లేచిపోతుంది, గాలికి లేవకపోతే కార్పొరేషన్ వాళ్లు పీకేస్తారు. గొడుగు గుర్తువాళ్లు ఇన్నేళ్లుగా ఓట్లు అడుగుతున్నారు గానీ ఆ మొగలో ఒక్క గొడుగు పాతిన పాపాన పోలేదు. ఒక రేకుల షెడ్డు. నాగలక్ష్మమ్మ అడిగేది అదొక్కటే.

ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో గంట తరఫున శ్రీనివాసులు, గొడుగు తరఫున ఓబుళేశు నిలబడ్డారు. శ్రీనివాసులుది నందికొట్కూరు వైపు భూములున్న కుటుంబం. ప్లాట్ల వ్యాపారం, తెల్ల చొక్కా, తెల్ల బండి. ఓబుళేశు సిమెంటు, ఇనుము అంగడి యజమాని. ఇద్దరూ షెడ్డు కడతామని నాగలక్ష్మమ్మ గంప ముందు ఒట్టు పెట్టుకున్నారు. ఆమె ఇద్దరికీ చెరో కిలో టమాటా ఉత్తపుణ్యానికి ఇచ్చి పంపింది. మారెన్న పిడికిలి తాకితే వక్క వచ్చింది. మగవాళ్లకు గంట, ఆడవాళ్లకు గొడుగు. ఎవరు గెలిచినా షెడ్డు వచ్చినట్టే అనుకున్నారు.

పోలింగ్ రోజు బడి దగ్గరకు పోతే కొత్త ఏర్పాటు కనిపించింది. ఓటర్లు పెరిగిపోయారని అధికారులు మా బూతును రెండు చేశారు. మగవాళ్లకు ఒక గది, ఆడవాళ్లకు పక్క గది. ఆడవాళ్ల గదిలో ఫ్యాను కూడా తిరుగుతోంది. వరస చిన్నది, ఎండలో నిలబడే బాధ లేదు. ఎంత బాగుందో అనుకుంటూ అందరూ వేసి వచ్చారు. పాతికేళ్లుగా ప్రతిదానికీ లెక్క వేసిన కేశవయ్య కూడా ఆ గదులను చూసి, పిల్లలకు బల్లలు బాగున్నాయే అనుకున్నాడు తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఏ గది పెట్టె ఆ గదిదే. ఏ పెట్టె లెక్క దానిదే. అది లెక్కింపు రోజు తెలిసింది.

మగవాళ్ల పెట్టె తెరిచారు. గంట, గంట, గంట. అన్నీ గంటలే, ఒక్కటి మాత్రం గొడుగు. ఆడవాళ్ల పెట్టె తెరిచారు. అన్నీ గొడుగులే, ఒక్కటి మాత్రం గంట. లెక్కింపు బల్ల దగ్గర ఏజెంట్లు పగలబడి నవ్వారట. వార్డు మొత్తం మీద శ్రీనివాసులు ఒక సిటీ బస్సు కూడా నిండని మెజారిటీతో గెలిచాడు.

ఆ రోజు నుంచి మా వీధివాళ్లకు బయట తలెత్తుకునే పరిస్థితి లేదు. సున్నపు బట్టీ వీధిలో ఏ ఇంట్లోనూ మొగుడూ పెళ్లాలకు పడదని ఊరంతా కూసింది. పనీపాటా లేని మనుషులు కాపురాల మీద పరిశోధన మొదలుపెట్టారు. మారెన్న టీ కొట్టుకు పోతే బంగ్లా వీధివాడొకడు పక్కన చేరి, "ఏమప్పా మారెన్నా, రాత్రిళ్లు యాడ పండుకుంటాండావు, ఆటోలోనా?" అని అడిగాడు. మారెన్న టీ సగంలో వదిలేసి వచ్చాడు.

అందరికంటే అవస్థ పడినవాడు ప్రదీప్‌కుమార్. కడప కుర్రాడు, శ్రీనివాసులు పెట్టుకున్న సర్వే మనిషి. చేతిలో పలక లాంటి ఫోను, దాంట్లో వార్డు మ్యాపు. వీధి వీధికీ రంగు. కడపలో ఇంటింటికీ రంగు వేసి వచ్చానని గొప్పగా చెప్పుకునేవాడు. మా వీధిని ఎప్పుడూ బూడిద రంగులో ఉంచేవాడట. ఇప్పుడు వంటింటికి ఒక రంగు, వసారాకు ఒక రంగు వేయాల్సి వచ్చింది. అది పలకలో పట్టలేదు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో రాజకీయ అభిప్రాయ భేదాలు ఎప్పటి నుంచి ఉన్నాయి అని అడగడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు మొహం బిగించుకుని రకరకాల సమాధానాలు చెప్పారు. నాగలక్ష్మమ్మ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మేం కూరలో ఉప్పెక్కువైందని కొట్లాడుకుంటాం నాయనా. గుర్తుల మీద కొట్లాడేంత తీరిక మాకు యాడుండాది?"

అతను అది కూడా రాసుకున్నాడు.

వారం తిరక్కుండా శ్రీనివాసులు వచ్చాడు, కృతజ్ఞతలు చెప్పడానికి. కేశవయ్య అంగడి ముందు కుర్చీ వేశారు. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. ఎవరూ చెప్పకుండానే అలా నిలబడ్డారు, గదులు అలవాటైపోయినట్టు. ఆయన దండలు మగవాళ్ల చేత వేయించుకున్నాడు. మెజారిటీ అంతా మీరిచ్చిందే, మీకు ఏం కావాలో అడగండి అన్నాడు. అడగకముందే తానే చెప్పాడు. మగవాళ్లు కూర్చోవడానికి నాపరాళ్ల అరుగు, దాని మీద క్యారంబోర్డు. ఇక షెడ్డు సంగతా, అది బంగ్లా వీధి మొగకు పోతుంది. అక్కడ ఆడామగా తేడా లేకుండా గంటకు వేశారు.

"మీ ఆడోళ్లు నన్నొద్దనుకున్న్యారు. నేనేం చేసేది? షెడ్డు ఓబుళేశును అడగమను."

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ. ఎండకు పార్టీ ఉందా? టమాటా ఎవరికి ఓటేసింది? పన్ను కట్టేటప్పుడు ఈ వీధి వాళ్లది, ఆ వీధి వీళ్లది అని ఎవడైనా వదిలిపెట్టాడా? కానీ ఆ రోజు అక్కడ ఇవేవీ ఎవరూ అడగలేదు. మగవాళ్లలో ఇద్దరు అప్పటికే అరుగు ఎక్కడ కడితే బాగుంటుందో కళ్లతో కొలుస్తున్నారు. మారెన్న కూడా కొలిచాడు. నాగలక్ష్మమ్మ చూపు తగిలి ఆపేశాడు.

ఆమె గంప తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. ఆ రోజు మిగిలిన సరుకు. పైన నాలుగు కాయలు, కింద అంతా రసం. శ్రీనివాసులు తెల్ల చెప్పులు వెనక్కి లాక్కున్నాడు. ఒట్టు పెట్టినప్పుడు ఏ గదిలో ఓట్లు అని చెప్పలేదు కదా అని ఆమె అడిగింది. మా మగవాళ్లను గంటకు పంపింది ఎవరనుకున్నావు, మేం వద్దంటే వాళ్లు గడప దాటేవాళ్లా అంది. మగవాళ్లు కూడా తలలూపారు.

శ్రీనివాసులు చెడ్డవాడు కాదు. రాజకీయం అబ్బిన మామూలు మనిషి. ఆ గంప వైపు చూసి కొంచెం తగ్గాడు. అయినా వెనక్కి తగ్గినట్టు కనిపించకూడదు కదా, మాట తిప్పాడు.

"ఒగ మాట చెప్తాండా. ఆ ఆడోళ్ల గదిలో ఒగే ఒగ ఆడబిడ్డ నాకేసింది. ఆమె ఎవరో తెలిస్తే ఆ ఒగ్గామె కోసమైనా కడతా. ఇది నా మాట."

ఎలాగూ ఎవరో తేలదని ఆయన ధైర్యం. నాగలక్ష్మమ్మ క్షణం కూడా ఆగలేదు. ఆ ఒక్కదాన్ని నేనే అంది. ఆమె వెనక వంకాయలమ్మే ఆమె కాదు, నేనే అంది. ఆకుకూరలామె నేనంది. నిమిషంలో ఆడవాళ్లంతా ఆ ఒక్క ఓటు తమదేనని చేతులెత్తారు. ప్రదీప్‌కుమార్ పలక తీసి, దించాడు. శ్రీనివాసులు నవ్వి లేచాడు. ఇంతమంది వేసి ఉంటే నాకు ఒక్కటే ఎందుకు వచ్చిందమ్మా అన్నాడు. అందరూ నవ్వారు, నాగలక్ష్మమ్మ తప్ప. షెడ్డు ఆయనతో పాటు లేచి బండి ఎక్కబోతోందని ఆమెకు తెలుసు.

అప్పుడు అంగడి లోపల నుంచి అలివేలమ్మ చెయ్యి తుడుచుకుంటూ మెట్టు మీదకు వచ్చింది.

"వాళ్లెవరూ కాదప్పా. ఆ ఓటు నాది."

వీధి మొత్తం ఆమె వైపు తిరిగింది. పిడికిళ్లు పట్టే మనిషి! పాతికేళ్లుగా వీధి కట్టుబాటు తప్పొద్దని ఇంటింటికీ బెల్లం పంచిన మనిషి! శ్రీనివాసులు ఇది కూడా ఆటే అనుకున్నాడు. ఆమె తొణకలేదు. నాకు షెడ్డు అవసరం లేదు, నాకు అంగడి ఉంది, అబద్ధం చెప్పి నాకు వచ్చేది ఏమీ లేదు అంది. చిన్నప్పటి నుంచి గంటే నాకు నచ్చిన గుర్తు, మా నాయన కూడా గంటే అంది. వక్క వచ్చినా పసుపు కొమ్ము వచ్చినా ఎప్పుడూ గంటకే వేశానంది. ఒక్క ఓటు ఇటు పోతే లెక్కలో ఎవరికి తెలుస్తుందిలే అనుకుందట. పెట్టె ఒకటే ఉన్నంతకాలం తెలియలేదు కూడా.

శ్రీనివాసులు నమ్మాడు. ఆమె మొహం చూసి కాదు, కేశవయ్య మొహం చూసి. తన అంగడిలోనే ఎవరో దొంగతూకం వేసినట్టు చూస్తున్నాడాయన.

"నువ్వు గంటనా?" అన్నాడు కేశవయ్య భార్యతో.

"అవును."

"ఇన్నేండ్లూ?"

"ఇన్నేండ్లూ."

మారెన్నకు ఇక్కడ బుర్ర వెలిగింది. అది సరే గానీ, మగవాళ్ల గదిలో గొడుగుకు వేసిన ఆ ఒక్క మగాడు ఎవరు అని పైకే అడిగాడు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కేశవయ్య మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. తూకపు రాళ్లను పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది అని ఎంతో శ్రద్ధగా సర్దుతున్నాడు. ఆయన అంగడిలో కరెంటు కాటా వచ్చి పదేళ్లయింది. ఆ రాళ్లతో పనే లేదు.

అలివేలమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా?"

"నాకు గొడుగంటే మొదట్నుంచీ ఇష్టమే," అన్నాడు రాళ్లతో. "పాతికేండ్ల కింద ఓడిపోయిందని మనసు మార్చుకుంటామా? కట్టు చెప్పింది వీధికి. నాకు గాదు."

ముందు నవ్వింది ఆకుకూరలామె. ఆ తర్వాత ఎవరు ఎవరిని పట్టుకుని నవ్వారో చెప్పలేను. శ్రీనివాసులు మళ్లీ కుర్చీలో కూలబడి నవ్వాడు. ఇంతకీ సంగతి ఇది: ఊరంతా మా వీధిలో కాపురాలు చీలిపోయాయని కూసింది. నిజంగా చీలిపోయిన కాపురం ఒక్కటే. అది కట్టు పెట్టినవాళ్లది. వీధి మొత్తం మీద మనసుకు నచ్చినదానికి ఓటేసినవాళ్లు ఆ ఇద్దరే. పాతికేళ్లు ఒకే కంచం పక్కన కూర్చుని, ఒకరి గుర్తు ఒకరికి చెప్పకుండా, ఒకరి ఓటును ఒకరు కొట్టేసుకుంటూ వచ్చారు. లెక్క మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

అందరి ముందూ ఇచ్చిన మాట. శ్రీనివాసులుకు తప్పించుకునే దారి లేదు. అయినా రాజకీయం రాజకీయమే. ఒక్క ఓటుకు పూర్తి షెడ్డు ఎట్లా వస్తుంది, సగం కడతానన్నాడు. నెలలో మొగకు తూర్పు పక్కన రేకులు లేచాయి, గంట రంగు పూసి. సగం గంపలు నీడలోకి వచ్చాయి, సగం ఎండలోనే ఉన్నాయి.

ఇక నాగలక్ష్మమ్మ ఓబుళేశు అంగడికి పోయింది. ఎక్కువ మాట్లాడలేదు. ఒక్క ఓటుకు ఆయన సగం కట్టాడు, గది నిండా ఓట్లేసిన మాకు నువ్వేం కడతావో వచ్చి చూసుకో అని మాత్రం చెప్పి వచ్చింది. ఓడిపోయినవాడికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆమెకు తెలుసు. అప్పటికే దారిన పోయేవాళ్లు గొడుగుకు వేసిన ఆడవాళ్లు గంట కింద కూర్చున్నారని నవ్వుతున్నారు. ఓబుళేశుకు ఇనుమూ, రేకులూ అంగడిలోనే ఉన్నాయి. పడమటి సగం పదిహేను రోజుల్లో లేచింది, గొడుగు రంగు పూసి. మధ్యలో అతుకు దగ్గర జానెడు సందు వదిలారు. ఎవరి రేకు ఎవరి రేకు మీద పడాలో ఇద్దరికీ తేలక.

పొద్దున ఎండ తూర్పు నుంచి ఏటవాలుగా దూరుతుంది, అప్పుడు ఆడవాళ్లంతా గొడుగు కింద కూర్చుంటారు. మధ్యాహ్నం తిరిగాక గంపలు ఎత్తుకుని గంట కిందకు జరుగుతారు. నీడ ఎటుంటే అటు. ప్రదీప్‌కుమార్ ఒకరోజు పొద్దున వచ్చి ఒక రంగు వేసుకుని పోయాడు, సాయంత్రం మళ్లీ వచ్చి చెరిపేశాడు. నాగలక్ష్మమ్మ అతనికి టమాటా ఇచ్చి, ఎండలో తిరగొద్దు నాయనా, కూచో అంది. పన్నెండు దాటినా కాయ గట్టిగా ఉంది. నొక్కి చూసి ఆమెకు ఆమే మురిసిపోయింది.

అరుగు రాలేదు. మగవాళ్లు షెడ్డు వెనక గోనెపట్ట పరుచుకుని క్యారంబోర్డు ఆడుతున్నారు. అడిగితే కాపలా అంటారు.

మొన్న కేశవయ్య మళ్లీ అందరినీ అంగడి ముందుకు పిలిచాడు. ముందు ముందు మళ్లీ ఓట్లొస్తాయి, గదులు మళ్లీ విడిగానే పెడతారు, కట్టు మార్చాలి అన్నాడు. ఇంటి నంబర్లలో సరి ఒక పక్క, బేసి ఒక పక్క అని ఏదో చెప్పబోయాడు. ఆయన చెప్పేది సగంలో ఉండగానే నాగలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. పెద్ద మనిషి మాటకు ఆమె అడ్డం రావడం అదే మొదటిసారి.

"వద్దు మామా. ఈతూరి ఎవరికి నచ్చినోళ్లకు వాళ్లేసుకుందాం. నువ్వూ అక్కా ఏసుకుంటాండ్లా, అట్ల."

"అట్లేస్తే ఏ గదిలో ఎవరికి ఎన్ని పడతాయో ఎట్ల తెలుస్తాది?" కేశవయ్య నిజంగానే బెంబేలెత్తాడు.

"తెలీకూడదనే గదా మామా, ఇన్నేండ్లు ఇంత కష్టపడింది."

కేశవయ్య తల తిప్పి భార్య వైపు చూశాడు. అలివేలమ్మ అలవాటు ప్రకారం అప్పటికే రెండు పిడికిళ్లు బిగించుకుని మెట్టు మీద నిలబడి ఉంది. మారెన్న తాకడానికి ముందుకు రాలేదు. ఆమె పిడికిళ్లు విప్పింది. పసుపు కొమ్మును కొంగుకు ముడి వేసుకుని, వక్కను నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది.